మడమకు చుట్టబట్ట

"గత పన్నెండు నెలల్లో కుటుంబ సభ్యులెవరికైనా గాయాలయ్యాయా?" మా సర్వే ప్రశ్నపత్రంలో ఇది ఇరవై మూడో ప్రశ్న.

"అయినయ్. రాస్కో. మా తమ్మునికి రెండు మడిమెలు," అంది శంకరవ్వ.

"ప్రమాదాల రిజిస్టరులో నమోదైందా?"

"పొక్కులను రిజిస్టర్ల ఎవడెక్కిస్తడు బిడ్డా?"

నమోదు కాని గాయాన్ని లెక్కలోకి తీసుకోరాదని మాకిచ్చిన సూచనల పుస్తకంలో స్పష్టంగా ఉంది. 'లేవు' అని రాసి, ఆ సంగతి ఆమెకు మర్యాదగానే చెప్పాను. ఆమె నా చేతిలోని కాగితాన్ని ఒకసారి, గోడకు చేరగిలి కాళ్లు చాపుకొని కూర్చున్న తమ్ముణ్ణి ఒకసారి చూసి, "అయితే ఎందుకచ్చినవ్ మరి?" అంది.

1965 వానాకాలంలో, మందమర్రికి కొంత దూరాన ఉన్న ఒక బొగ్గుగని కార్మికవాడలో ఆమె నన్ను ఈ మాట అడిగింది. నేను పాదాలను చూడడం ఆ పూట నుంచే మొదలుపెట్టాను.

శంకరవ్వకు అప్పటికి నలభై నిండలేదు. పెద్దపల్లి దగ్గరి పల్లెలో, చెప్పులు కుట్టే మాదిగ కుటుంబంలో పుట్టింది. పెళ్లయిన మరుసటి ఏడే భర్త హనుమండ్లుతో గనికి, ఇక్కడివాళ్ల మాటలో బాయికి, వచ్చింది. ఆయన కింద బొగ్గు తవ్వితే, ఆమె పైన తట్టలు మోసింది. తర్వాత ఆడవాళ్లకు ఆ పని ఆగిపోయింది. తమ్ముడు మొండయ్య ఏడు నెలల కిందట ఆమె దగ్గరికి వచ్చి బదిలీ కార్మికుడిగా చేరాడు. ఎవరైనా పనికి రాని రోజున వారి స్థానంలో దిగే మనిషిని బదిలీ అంటారు. పని ఉన్నా లేకున్నా అతడు ప్రతిరోజూ వచ్చి హాజరు వేయించుకోవాలి. మూడు నెలలు ఒక్క హాజరు కూడా తప్పని బదిలీల పేర్లు నెలాఖరున మేనేజరు ముందుకు వెళతాయి. ఆయన సంతకం పడితే ఉద్యోగం పక్కా అవుతుంది. ఒక్క రోజు తప్పితే మూడు నెలలూ మళ్లీ మొదటి నుంచి.

మొండయ్యకు మిగిలింది పదకొండు రోజులు. రెండు మడమల మీదా రేగుపండంత బొబ్బలు.

ఇక్కడి నిబంధనలు విడివిడిగా చూస్తే దేనికదే న్యాయంగా కనిపిస్తుంది. బూట్లు లేనివాడికి దీపం ఇవ్వరు, అది అతని క్షేమం కోసమే. దీపం లేనివాణ్ణి గనిలోకి దింపరు, అదీ క్షేమం కోసమే. పనికి పిలిచాక దిగనివాడికి హాజరు లేదు. ఆస్పత్రి చీటీ ఉంటే ఆ గైర్హాజరును మన్నిస్తారు, కాని బొబ్బకు చీటీ రాయరు. నాలుగు న్యాయాలనూ ఒకచోట కలిపితే వచ్చేది, బూటు కరిచిన మనిషి ఆ బూటే వేసుకొని నడవక తప్పదన్న ఆజ్ఞ. దీన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు. అయినా తు.చ. తప్పకుండా అమలవుతోంది.

మొండయ్యది రెండో షిఫ్టు. మధ్యాహ్నం వరకు సమయం ఉంది కనుక ఆ ఉదయమే శంకరవ్వ అతణ్ణి దవాఖానకు తీసుకుపోయింది. నేనూ వెంట వెళ్లాను. కాంపౌండరు కుర్చీలోంచి లేవకుండానే కాళ్లను చూశాడు.

"పొక్కులకు దవాఖానకొస్తరా? పెండ్లి పిల్లనా ఏందమ్మా మీ తమ్ముడు, కాళ్లకు పారాణి పెట్టాల్నా?"

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. మొండయ్య కూడా నవ్వబోయి తల దించుకున్నాడు.

"మూడు దినాలు సిక్కు చీటీ రాయుండ్రి సారు. గంతలనే ఆరిపోతయ్," అంది శంకరవ్వ.

"కాలిరిగితే రాస్త. వేలు తెగితే రాస్త. పొక్కుకు రాస్తే రేపు బాయి మొత్తం గీడికే వస్తది."

"బాయి మొత్తానికి పొక్కులున్నయంటే తప్పు కాళ్లదా, బూట్లదా సారు?"

ఆయన ఆ ప్రశ్న విననట్టు, "ఇంటికి పోయి సూది పెట్టి పొడువు, పైతోలు పీకెయ్. రెండు దినాలకు గట్టివడ్తది," అని తర్వాతి మనిషిని పిలిచాడు. పైతోలు పీకడమంటే పుండుకు తలుపు తెరిచి పెట్టడం. చదువురాని శంకరవ్వకు అది తెలుసు. తెల్లకోటు తొడుక్కున్న మనిషి నోటి నుంచి ఆ సలహా అంత సులువుగా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తిరిగి రాగానే ఆమె కుండ తీసుకొని నీళ్లకు వెళ్లింది. వచ్చేసరికి జరగకూడనిది జరిగిపోయింది.

పక్కింటి ముత్తయ్య ముప్పై ఏళ్లు గనిలో చేసిన మనిషి. వాడలో అందరూ ఆయనను కాకా అంటారు. ఆయన ప్రేమగా మొండయ్య ముందు కూర్చొని, సూదికి గుచ్చిన జీడిగింజను దీపం మీద కాల్చి, దాని రసం ఎడమ మడమకు అద్దుతున్నాడు. చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి అది. ముల్లు విరిగినా, మడమ పగిలినా ఈ ప్రాంతంలో మొదట చెయ్యి పోయేది దాని మీదికే. మొండయ్య పళ్లు బిగించుకొని కూర్చున్నాడు. సూది కుడి మడమ వైపు తిరిగే సమయానికి శంకరవ్వ కుండ దించి, ఆ చేతిని పట్టుకుంది.

"కాకా! ఏం పెట్టినవ్ గది?"

"జీడి బిడ్డా. మా బాపు నాకు పెట్టిండు, నేను నా కొడుకులకు పెట్టిన. ఒక్క దినంల దెబ్బకు కూసుంటది."

"పగిలిన మడిమె మీద ఉండేది సచ్చిన తోలు. పొక్కు కింద ఉన్నది బతికున్న తోలు. సచ్చినదానికి పెట్టేది బతికున్నదానికి పెడ్తవా? తోలు కాల్తది!"

"ముప్పై ఏండ్లు బాయిల చేసిన మనిషిని. నాకు చెప్తవా?"

"ముప్పై ఏండ్లు చేసినవ్. నీ కాళ్లు సూస్కో జర, ఎండకాలం చెరువు లెక్కున్నయ్."

ముత్తయ్య తన కాళ్లను తానే చూసుకొని నవ్వేశాడు. శంకరవ్వ నవ్వలేదు. ఎడమ మడమను నూనెతో తుడిచి, సబ్బుతో రెండుసార్లు కడిగింది. అయినా మధ్యాహ్నానికి ఆ చోటు ఎర్రగా ఉబ్బి, ఒక్క బొబ్బ చుట్టూ పది చిన్న బొబ్బలు లేచాయి.

కుడికాలి విషయంలో మాత్రం ఆమెకు అడ్డు లేకపోయింది. అప్పుడు ఆమె చేసిన పనిని నేను వరుసగా రాసుకున్నాను. నీళ్లలో ఉప్పు వేసి మరిగించి చల్లార్చింది. పాత ధోవతి ముక్కలను వేరే గిన్నెలో ఉడకబెట్టి నీడలో ఆరేసింది. తన చేతులను సబ్బుతో కడుక్కుంది. చిన్న బొబ్బయితే ముట్టుకోనక్కర లేదట, దానంతట అదే ఇంకిపోతుందట. ఇది పెద్దది, పైగా మూడు గంటలకు బూటు తొడగాలి. అందుకని సూదిని మంటలో ఎర్రబడేదాకా కాల్చి చల్లారనిచ్చి, బొబ్బ నడిమధ్యన కాకుండా కింది అంచున రెండుచోట్ల మెల్లగా గుచ్చి నీరు కార్చింది. పైపొరను మాత్రం అలాగే ఉంచి, ఉప్పునీటి బట్టతో అద్దింది.

"గీ పైతోలు తియ్యద్దు తమ్మీ, వాడు చెప్పిండని. గీనికంటే మంచి పట్టీ ఏ దవాఖానల దొరకది. ఎర్రగై కాలినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా నాకు దాయకు. అప్పుడు గా కాంపౌండరు కుర్చీల నుంచి లేచేదాక నేను లేవ."

ఆ తర్వాత చేసిన పని ఆమె సొంతం. ఒక గుడ్డపీలికను తాడులా పురిపెట్టి, గుండ్రంగా చుట్టి, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద వలయం చేసింది. బొబ్బ ఆ వలయం మధ్యలోని ఖాళీలో ఉండేలా మడమ మీద పెట్టి, పైన మరో పీలికతో ముడతలు లేకుండా కట్టింది.

"గిదేంది?" అన్నాడు ముత్తయ్య.

"సుట్టబట్ట. నెత్తి మీద బిందె ఎట్ల నిలవడ్తది కాకా? బరువంత సుట్టబట్ట మీద పడ్తది, నడుమ నెత్తికి తాకది. గట్లనే బూటు బరువు దీని మీద పడ్తది, పొక్కుకు తాకది."

"మడిమెకు సుట్టబట్ట! ఇగ దాని మీద బిందె కూడ పెట్టు," అని ముత్తయ్య పకపక నవ్వాడు. మొండయ్య లేచి నిలబడి, కుడి పాదం మీద బరువు మోపి చూశాడు. అతని ముఖం చూసి ముత్తయ్య నవ్వు ఆపాడు.

ఆ మధ్యాహ్నం డ్యూటీకి పోతూ మొండయ్య కుంటింది ఎడమకాలితో, జీడి పెట్టిన కాలితో.

మర్నాడు శంకరవ్వ బూట్ల మీద పడింది. అవి బయట, చూరు కింద మేకుకు వేలాడుతున్నాయి. తోలు ఇంట్లోకి రాకూడదన్నది అందరి ఇళ్లలోలాగే చెప్పులు కుట్టే ఇంటిలోనూ ఆచారం. ఇచ్చి ఏడు నెలలైనా వాటి మడమ భాగం చెక్కలా బిరుసుగా, కొత్తదానిలా నిగనిగలాడుతోంది.

"గివి ఏసుకుంటున్నవా, పూజ చేస్తున్నవా?"

"అరుగుతయని భుజాన ఏసుకొని పోతనక్కా. దీపాల కాడ తొడుక్కుంట."

"మరి గింత పెద్దయెందుకు? నీ కాలు దీంట్ల ఈత కొడ్తున్నది."

"బూట్లిచ్చేటోడు నెంబరెంత అని అడిగిండు. నాకేమెరుక? ఏడాదికి ఒక్కటే జత ఇస్తరాయె. పెద్దయైతే తోలెక్కువుంటదని పెద్దయియ్యుమన్న."

నేను ఆ వారంలో ఆ వరుస ఇళ్లలోని నలభై మంది పాదాలను చూశాను. ఇరవై ఏడుగురికి మడమల మీద బొబ్బలో, బొబ్బలు మానిన మచ్చలో ఉన్నాయి. ఇరవై ఏడుగురిలో పందొమ్మిది మంది పాదానికి మించిన బూట్లు ఏరికోరి తీసుకున్నవారే. దీన్ని మూర్ఖత్వమని రాసుకోవడం సులువు, నేనూ మొదట అలాగే రాసుకున్నాను. కాని వాళ్లు పుట్టిపెరిగిన చోట చెప్పుకు నెంబరు లేదు. తోలు మీద పాదం మోపితే శంకరవ్వ తండ్రి సాంబయ్య బొగ్గుతో చుట్టూ గీత గీసేవాడు. కుడికాలికి ఒక గీత, ఎడమకాలికి మరొకటి. అలా ప్రతి పాదాన్నీ విడిగా కొలిచే చోటు నుంచి వచ్చిన మనిషి బూట్లిచ్చే కిటికీ ముందు నిలబడితే, కాలు చూడకుండానే నెంబరు అడగడం, చెప్పలేకపోతే నవ్వడం ఎక్కడి పద్ధతి?

ఆమె బూట్ల లోపలి మడమకు ఆముదం పట్టించి, గుడ్డ అడ్డం పెట్టి, తండ్రి ఇచ్చిన చెక్క సుత్తితో మెల్లమెల్లగా కొట్టి మెత్తబరిచింది. ముందు భాగంలో గుడ్డ కుక్కి ఖాళీ తగ్గించింది. మడమ జారకుండా తాళ్లు చీలమండ దగ్గర ఎలా బిగించాలో చూపించింది. ఇక నుంచి బూట్లు భుజాన కాదు, కాళ్లకే ఉండాలంది. రోజూ గంటసేపు వాకిట్లో నడిపించింది. వాడలో పిల్లలు చుట్టూ చేరి, "మొండన్న పరేడ్" అని అరుస్తుంటే మొండయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.

నాలుగో రోజుకు కుడి మడమ ఆరిపోవాలి. ఆరిపోయింది కూడా. కాని దాని కింద, అరికాలి అంచున కొత్త బొబ్బ లేచింది. ఎడమకాలు పచ్చి పుండై ఉంది. ఒకే మనిషివి రెండు కాళ్లు, ఒకదానికి జీడి, ఒకదానికి చుట్టబట్ట, ఏది ఎలా మానుతుందో చూద్దామని నేను నోట్‌బుక్కులో రెండు నిలువు గీతలు గీసి పెట్టుకున్నాను. ఈ కొత్త బొబ్బ ఏ గీత కిందికీ రాలేదు.

శంకరవ్వ రెండు బూట్లనూ బోర్లించి గడప మీద కొట్టింది. తడి బొగ్గునుసి పిడికెడంత రాలింది.

"బూటు కాలికి ఉంటే గింత నుసి లోపలికెట్ల పోయింది?"

మొండయ్య కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"నిన్నే. కింద ఇప్పుతున్నవా?"

"ఓర్మన్ దొర వచ్చినప్పుడు ఇప్పుత." కింద షిఫ్టు పనిని పర్యవేక్షించే అధికారిని (ఓవర్‌మన్) ఇక్కడ అలా పిలుస్తారు.

"ఎన్నిసార్లు వస్తడు?"

"డూటీకి మూడు సార్లు. ఒక్కోపారి నాలుగు."

"ఇప్పి?"

"పక్కకు పెట్టి నిలవడ్త. దొర పోయినంక మళ్ల ఏసుకుంట."

గనిలో కాలి కింద నీళ్లు, నీళ్లలో బొగ్గునుసి. ఆ నుసిలో వట్టి కాళ్లతో నిలబడి, ఆ తడికాళ్లనే మళ్లీ బూట్లలోకి దూర్చి మైలు దూరం నడవడం. రోజుకు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు. బొబ్బకు ఇంతకంటే ఏం కావాలి?

"ఎవడిప్పుమన్నడు? గా ఓర్మన్ అన్నడా?"

"ఎవలూ అనలే. ముత్తయ్య కాక చెప్పిండు. అందరు ఇప్పుతరు."

ముత్తయ్య తన గడపలోంచి అమాయకంగా అన్నాడు: "దొర ముందట తోలేసుకొని నిలవడ్తమా బిడ్డా? మంచిగనా?"

దానికి శంకరవ్వ చెప్పినదాన్ని నేను నా ప్రశ్నపత్రంలో ఏ ప్రశ్న కిందా ఇమడ్చలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వాళ్ల ఊరి దొరకు చెప్పులు కుట్టింది సాంబయ్యే. కిర్రుమని ఊరంతా వినిపించే చెప్పులు. వాటిని అప్పగించడానికి గడికి, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటికి, వెళ్లేటప్పుడు దొర చెప్పులను కొత్త గుడ్డలో చుట్టి చేతుల్లో పట్టుకునేవాడు. గడి కనిపించే మలుపు రాగానే తన చెప్పులు విప్పి నెత్తిన పెట్టుకునేవాడు. ఊరందరికీ చెప్పులు కుట్టిన మనిషి నెత్తిన ఒక జత, చేతుల్లో ఒక జత పెట్టుకొని, మండుటెండలో నాపరాళ్ల మీద వట్టి కాళ్లతో నడిచేవాడు. దొర భోజనం చేసి నిద్రలేచే దాకా ఆ రాళ్ల మీదే నిలబడేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అరికాళ్ల నిండా బొబ్బలు. ఎనిమిదేళ్ల శంకరవ్వ జీవితంలో మొదటిసారి తడిగుడ్డ అద్దింది ఆ కాళ్లకే. పైతోలు చింపకూడదని ఆమె నేర్చుకున్నదీ ఆ కాళ్ల మీదే.

"పోలీసు చర్యప్పుడు దొర పట్నం పారిపోయిండు. గడికి తాళమేసిన్రు. లోపల ఎవలూ లేరు బిడ్డా, పావురాలే. అయినా మా బాపు సచ్చేదాక గా మలుపు కాడ చెప్పులు ఇప్పి నెత్తిన పెట్టుకునే పోయిండు. నేను అడిగిన, ఎవలున్నరని ఇప్పుతున్నవ్ బాపూ అని. కాళ్లు వాటంతటవే ఆగుతున్నయ్ బిడ్డా అన్నడు."

అప్పుడు ఆమె గొంతు పెరిగింది. వాడ వాడంతా విన్నది.

"నిన్నమొన్నటిదాక తోలేసుకుంటే తప్పు. గిప్పుడు ఏసుకోకుంటే తప్పు. రెండు తప్పులకు కాళ్లు మాయే! ఏసుకోని రోజులల్ల ఏసుకోనియ్యలే, ఏసుకొమ్మన్న రోజున ఎట్ల ఏసుకోవాల్నో ఒక్కడు చెప్పలే. పొక్కులైనయంటే పారాణి పెట్టాల్నా అంటరు! నువ్వు ఇప్పద్దు తమ్మీ. ఓర్మన్ వచ్చినా, వాని తాత వచ్చినా ఇప్పద్దు."

"కోపమొస్తే ఏమన్న రాస్తడేమో అక్కా. ఏడు దినాలే ఉన్నయ్."

"ఇప్పితే ఏడు దినాలు నడుస్తవా?"

మొండయ్యకు అంత ధైర్యం లేదు. అతడు కనిపెట్టిన మధ్యేమార్గం నాకు ఆలస్యంగా, ముత్తయ్య కొడుకు ద్వారా తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఓర్‌మన్ దీపం దూరాన కనిపించగానే మొండయ్య వెళ్లి పట్టాల మీది బొగ్గుడబ్బా వెనక నక్కి కూర్చునేవాడట. దొర ముందు బూట్లతో నిలబడలేదు, బూట్లు విప్పనూ లేదు. పాతికేళ్ల మనిషి, ఇద్దరి పని ఒక్కడే చేసేవాడు, కాళ్లకు బూట్లున్నందుకు దాక్కున్నాడు.

ఏమైతేనేం, నుసి లోపలికి పోలేదు. డ్యూటీ నుంచి రాగానే శంకరవ్వ అతని కాళ్లు కడిగించి, వేళ్ల సందులు కూడా తుడిచి ఆరబెట్టేది. బూట్లలో ఎండుగడ్డి కుక్కి పొయ్యికి దూరంగా ఆరనిచ్చేది. దగ్గర పెడితే తోలు మళ్లీ బిరుసెక్కుతుందట. ఎక్కడైనా మంట మొదలైతే బొబ్బ లేచేదాకా ఆగకుండా అక్కడే కూర్చొని గుడ్డ అడ్డం పెట్టుకోవాలని, అందుకు రోజూ రెండు ఉడికించిన పీలికలు అతని జేబులో పెట్టి పంపేది. కుడి కాలు ఎనిమిదో రోజుకు పూర్తిగా మానింది. జీడి తిన్న ఎడమకాలు మాత్రం చివరి రోజు దాకా పచ్చిగానే ఉంది. అయినా పదకొండు హాజర్లూ పడ్డాయి. పన్నెండో రోజు పొద్దున్నే మేనేజరు ఆఫీసుకు రమ్మని కబురు వచ్చింది.

ఆఫీసు వరండా కింద మేం ముగ్గురం నిలబడ్డాం. మెట్ల పక్కన గోడవారగా అప్పటికే పన్నెండు జతల బూట్లు వరుసగా ఉన్నాయి. లోపల పన్నెండు మంది వట్టి కాళ్లతో నిలబడి ఉన్నారు. తలుపు దగ్గరి జమేదారు మొండయ్యను చూసి, "బూట్లు ఇప్పు," అన్నాడు.

మొండయ్య అక్క వైపు చూశాడు. వాళ్లిద్దరి భయం ఏమిటో నాకు తెలుసు. విప్పితే ఎడమ మడమకు కట్టిన గుడ్డ, దాని మీది తడి మరక బయటపడతాయి. కాళ్లు బాగాలేనివాడని పేరు కొట్టేస్తారు. విప్పకపోతే దొర ముందు తోలుతో నిలబడ్డ పొగరుబోతని కొట్టేస్తారు. మూడు నెలల హాజరు ఆ రెండు మెట్ల మీద ఆగిపోయింది.

"ఎందుకిప్పాలె?" అంది శంకరవ్వ.

"అందరు ఇప్పలేదా? గచ్చు ఖరాబైతది."

"ఇప్పుమని యాడ రాసున్నది సూపెట్టు. గోడకు కాగితముంటది గదా, బూట్లు లేనిది దీపమియ్యమని? గట్లనే బూట్లుంటే లోపలికి రానియ్యమని కాగితముంటే సూపెట్టు. నాకు సదువు రాదు, గీ బిడ్డ సదువుతది."

జమేదారు నా వైపు చూశాడు. నేను నోట్‌బుక్కు తెరిచాను. రాయడానికి ఏమీ లేదు, అయినా పెన్ను మూత తీశాను. లోపలి నుంచి గుమాస్తా, "మొండయ్య, సన్నాఫ్ సాంబయ్య," అని కేకవేశాడు.

"పో," అంది శంకరవ్వ. "తండ్రి పేరు పిలిచిన్రు. ఇప్పకుండ పో."

మొండయ్య మెట్టెక్కాడు. బూట్ల చప్పుడు గచ్చు మీద నాలుగు అడుగుల దాకా వినిపించి ఆగిపోయింది. శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక నిమిషమో, రెండు నిమిషాలో. మళ్లీ అదే చప్పుడు ఇటు వచ్చింది. మొండయ్య చేతిలో సంతకమైన కాగితం ఉంది.

"ఏమన్నడు?"

"ఏమనలే."

"కాళ్ల దిక్కు సూసి ఏమనలేదా?"

"తలకాయే ఎత్తలేదక్కా. నా ముఖం కూడ సూడలే. కాగితం సూసుకుంటనే సంతకం పెట్టిండు." అతడు నవ్వుతున్నాడు. "ఉత్తగనే భయపడ్డం."

నేనైతే ఆమె కూడా నవ్వుతుందనుకున్నాను. ఆమె ముఖం ఎర్రబడింది. తలెత్తి చూడని మనిషి కోసం ఇన్ని కాళ్లు పుండ్లయ్యాయా? చూసేవాడే లేని చోట తన తండ్రి చెప్పులు విప్పినట్టే, అడిగేవాడే లేని చోట ఇంతమంది బూట్లు విప్పుతున్నారా? ఆమె ఇదేమీ నాతో అనలేదు. మెట్ల పక్కన కూలబడి, వరుసలోని మొదటి జత అందుకొని బోర్లించి గచ్చు మీద కొట్టింది. తడి నుసి రాలింది. రెండో జత కొట్టింది. మూడోది. వాటి మడమలను బొటనవేలితో నొక్కి చూసి, "చెక్క," అంటూ పక్కన పెట్టింది.

"ఏయ్! గచ్చంత ఖరాబ్ చేస్తున్నవ్!" అని జమేదారు అరిచాడు.

"నేను చేస్తున్ననా? గిది మీరు ఇప్పించిన మట్టే. సూసుకోండ్రి."

నేను పక్కనే నిలబడి లెక్కపెట్టాను. పన్నెండు జతల్లో పది జతల నుంచి నుసి రాలింది. తెల్లటి గచ్చు మీద కుప్ప బెత్తెడెత్తు లేచింది. ఆ సాయంత్రం మా ప్రశ్నపత్రంలో ఇరవై మూడో ప్రశ్న ఎదుట 'లేవు' అన్న మాట కొట్టేసి, 'రెండు మడమలు. నమోదు కాలేదు' అని రాశాను. రెండు నెలల తర్వాత, నిబంధనలకు విరుద్ధమన్న వ్యాఖ్యతో ఆ కాగితం తిరిగి వచ్చింది. నేను దిద్దలేదు.

లోపలి పన్నెండు మందిలో మొదటి మనిషి బయటికి వచ్చాడు. తడి నుసి అంటిన కాళ్లతోనే తన బూట్లలోకి దూరబోయాడు.

"ఆగు," అంది శంకరవ్వ. మొండయ్య జేబులోంచి ఆరిన పీలిక లాగి అతని చేతికిచ్చింది. "కూసో. ముందుగాల కాళ్లు తుడుసుకో. గీడనే కూసొని తుడుసుకో, దొర వచ్చినా లేవకు."

ఆ మనిషి ఒకసారి జమేదారు వైపు చూసి, ఆఫీసు మెట్టు మీద కూర్చున్నాడు.